కుడిపక్క ఇంచున్నర

మచిలీబజార్ల మా దుకాణం బోర్డు మీద
సఫారీలు, పెండ్లి సూట్లు అని రాసి ఉంటది.
రాయని పని ఒకటుంది:
అంగీ కింద దాగేదానికి చోటు కుట్టుడు.

మొదలు వచ్చినోడు మొగిలి.
ఎవరో లీడరుకు గన్‌మెన్. ఆ లీడరు పేరు
వాడు చెప్పలే, నేనడగలే.
"సదన్నా, కనపడొద్దు" అన్నడు.
"ఏంది?"
నడుం మీద చెయ్యేసి చూపిండు.
టేపు నా చేతిల సల్లబడ్డది.

అప్పుడు వాని దగ్గర ఉండేది పెద్దది.
జానెడు పొడుగు,
గుండ్లు నింపితే కిలో చక్కెర పొట్లమంత బరువు.
నిలబడితే బుద్ధిగ ఉంటది,
జీపుల కూసుంటే పక్కటెముకల పొడుస్తది.
లీడరు రెండు చేతులెత్తి దండం పెడ్తే ఫికర్ లేదు,
వీడు ఒక్క చెయ్యెత్తి జనాన్ని ఆపితే
అంగీ లేస్తది, గుట్టు బయటపడ్తది.
అందుకని పొడుగు నాలుగేళ్లు పెంచిన,
పక్క చీలిక తగ్గించిన,
తెల్లబట్ట వద్దన్న.
గళ్లబట్టయితే చూసేటోని కన్ను
గళ్లల్ల తిరిగి తిరిగి తొవ్వ తప్పుతది.

ట్రయలుకు పిస్తోలు ఇయ్యడు.
రూలు. నాకూ భయమే.
అద్దం ముందట వాని నడుముల
మా నాయిన వాడిన పెద్ద కత్తెర దోపిన.
"అచ్చం గింతే" అని నవ్విండు మొగిలి,
కితకితలు పెట్టినట్టు.

కొన్నేండ్లకు చిన్నది ఇచ్చిండ్రట.
ఈసారి కాజాల కత్తెర దోపి చూసినం.
మాయం.
పెండ్లిల పప్పు వడ్డించేటోని లెక్క
మామూలు మనిషయి నిలబడ్డడు.
నేను గెలిచిన్ననుకున్న.
వాని మొకంల గెలుపు లేదు.

"పిడి అందదన్నా,
చిటికెనేలు గాలిల ఉంటది.
మామునూరుల పెద్దదాంతోని కాలిస్తే
పదింట్ల తొమ్మిది బొమ్మ మీద.
దీంతోని ఆరు.
చేతిల చాపపిల్ల లెక్క ఎగురుతది.
గుండ్లు గూడ తక్కువ."
బీడీ కోసం జేబు తడుముకొని, లేదని గుర్తొచ్చి,
తనే మళ్ల అన్నడు:
"కని మా పొట్టిది ఇప్పుడు
ఎడమ కుడి చూడకుంట నా మీదెక్కుతది.
పెద్దది ఉన్నప్పుడు
ఎడమదిక్కే కూసునేది,
ఎవ్వలు నేర్పలే."

ఏది మంచిదంటే నేనేం చెప్పాలె?
నాకు తెలిసింది కత్తెరలు.
పెద్దదాంతోని కాజా తెగదు,
చిన్నదాంతోని కోటుబట్ట తెగదు.
కని నా కత్తెర దినాం వెయ్యిసార్లు నోరు తెరుస్తది.
వాడు మోసేది
పదకొండేండ్లల ఒక్కసారి తెరవలే.
తెరవకపోవుడే దాని పని అంటడు.
అసొంటి పనికి
కూలి ఎట్ల లెక్కగడ్తరో.

మొన్న నడి ఎండల వచ్చిండు.
లీడరు ఓడిండట. గన్‌మెన్లను తీసేసిండ్రట.
పిస్తోలు అప్పజెప్పి రశీదు తెచ్చుకున్నడు,
జేబుల నాలుగు మడతలేసి ఉంది.
"ఇగ రెండుదిక్కుల సమానం కుట్టన్నా."

కొలతల బుక్కు తీసిన.
వాని పేరు కింద నా రాతే:
కుడిపక్క ఇంచున్నర లూజు.
కొట్టేసిన.

నాలుగోనాడు తొడుక్కొని అద్దం ముందట నిలబడ్డడు.
కుడి అంచు ఒక తీరు, ఎడమ అంచు ఒక తీరు.
విప్పించి బల్ల మీద పరిచి టేపు పెట్టిన.
నూలుపోగంత తేడా లేదు.
మళ్ల తొడిగిన.
"చెయ్యి కిందికి ఇడువు మొగిలీ."
"ఇడిచే ఉన్న గదనే."

మోచేతికి నడుముకు నడుమ
సందు.
లోపల ఏదో ఉన్నట్టు,
దానికి తగలొద్దన్నట్టు.
పెద్దదంత సందా, చిన్నదంత సందా,
నేను కొలువలే.

అంగీ ఇప్పియ్యమన్న.
కుడిపక్క కుట్టు ఇప్పుతాంటే
వాడు బల్ల మీది పెద్ద కత్తెర తీసుకున్నడు,
అరచేతిల అటు ఇటు బరువు చూసిండు,
ఉన్నకాడ్నే పెట్టిండు.

"గిప్పుడు సమానం వస్తదా?" అన్నడు.
సూది నోట్ల ఉండె.
ఊఁ అన్న.